మాణిక్యం సరే, మట్టి మాటేమిటి?

కిందటి శీతాకాలంలో ఒక శనివారం సాయంత్రం వేల్స్ రాజధాని కార్డిఫ్‌లోని ఒక చర్చి హాలులో మగవాళ్ల బృందగానం వినడానికి వెళ్లాను. వేదిక మీద నలభై మంది దాకా నిలుచున్నారు. సగానికి పైగా అరవై దాటినవారే. ఆఖరి పాటకు ముందు ఒక పెద్దాయన ముందుకు వచ్చి, ఈ పాటకు సంగీతం కట్టినవాడు తొమ్మిదేళ్లకే బడి మానేసి గనిలోకి దిగాడనీ, ఆ తరువాత ఇనుప కొలిమి దగ్గర చెమటోడ్చాడనీ, చివరికి కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం నుంచి సంగీతంలో డాక్టరేటు అందుకున్నాడనీ చెప్పారు. హాలంతా తలలూపింది. ఇలాంటి జీవితానికి మన తెలుగులో మాట ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది: మట్టిలో మాణిక్యం. నాకూ ముందు ఆ మాటే తోచింది. ఆ తరువాత పాట మొదలైంది. నాలుగు వరుసల గొంతులు ఒకదాని మీద ఒకటి ఆనుకుంటూ "మవాన్వి" అనే ఆ ప్రేమగీతాన్ని, పాడుతున్నారా, ఊపిరి తీస్తున్నారా అన్నంత మెల్లగా ఎత్తుకున్నప్పుడు, నేను అనుకున్న మాటలో ఏదో పొరపాటు ఉందనిపించింది. మాణిక్యం అన్నప్పుడు మనం మట్టిని ఊరికే అడ్డుగా ఉన్నదానిగా, తవ్వి పక్కన పోయవలసినదానిగా చూస్తాం. ఆ పాటకు సంగీతం కట్టిన జోసెఫ్ పారీ విషయంలో అతనికి చదువు చెప్పింది, చందా వేసింది, చివరికి అతని పాటను నిలబెట్టింది ఆ మట్టే. ఈ వ్యాసం ఆ మట్టి గురించి.

పారీ 1841 మే 21న దక్షిణ వేల్స్‌లోని మెర్తర్ టిడ్‌విల్ పట్టణంలో, చాపెల్ రో అనే చిన్న ఇళ్ల వరుసలో పుట్టాడు. ఆ ఇళ్లు కవార్త్వా ఇనుప కర్మాగారం యజమానులైన క్రాషే కుటుంబం తమ పనివాళ్ల కోసం కట్టించినవి. తండ్రి డానియల్ అదే కర్మాగారంలో ఇనుమును శుద్ధి చేసే పనివాడు. ఆ రోజుల్లో మెర్తర్ వేల్స్ అంతటిలోకీ పెద్ద పట్టణం. ప్రపంచంలోని రైలు పట్టాలకు ఇనుము పోసిన పట్టణం. మురుగు పోవడానికి దారిలేని పట్టణం కూడా. 1849లో కలరా వచ్చి అక్కడ 1,400 మందికి పైగా చనిపోయారు. అప్పటికి పారీకి ఎనిమిదేళ్లు. మరుసటి ఏడాదికి అతను గనిలో ఉన్నాడు, పన్నెండేళ్లకు కర్మాగారంలో కొలిముల దగ్గర ఉన్నాడు.

కథ ఇంతవరకే చెబితే చీకటి తప్ప మరేమీ కనిపించదు, ఆ చీకటిలోంచి ఒక్క పిల్లవాడు తన ప్రతిభతో తానే వెలిగినట్టు ఉంటుంది. కాని అదే పట్టణంలో ఇంకేం ఉన్నాయో చూడాలి. కర్మాగారం యజమాని 1838లో పెట్టించిన కవార్త్వా బ్రాస్ బ్యాండు ఉంది. యూరప్ సంగీత రచనలను ఇత్తడి వాద్యాల మీద వాయించే ఆ బృందంలో పనివాళ్లే ఎక్కువ. తల్లి ఎలిజబెత్ పాడుతూ నమ్మకంగా వెళ్లే బెథెస్డా చాపెల్ ఉంది. ఇక్కడ చాపెల్ అంటే ప్రభుత్వ గుర్తింపు పొందిన ఆంగ్లికన్ చర్చికి దూరంగా జరిగి, పనివాళ్లు తమ సొంత డబ్బుతో కట్టుకుని, తమ పాదిరిని తామే ఎంచుకునే ప్రార్థనామందిరం. అక్కడ భాష వెల్ష్. అక్కడ వాద్యాల కన్నా గొంతులకే విలువ. హాండెల్, హైడన్ వంటి యూరప్ సంగీతకర్తల పెద్ద రచనలను గనిపనివాళ్లే సాయంత్రాలు సాధన చేసి పాడేవారు. పిల్లవాడైన పారీ వారి మధ్య ఆల్టో గొంతుతో, అంటే ఆడవాళ్ల, పిల్లల గొంతులలో కింది వరుసలో, పాడాడు. చదవడం రాకముందే అతని చెవికి హాండెల్ పట్టుబడ్డాడు. ఏ ధనవంతుడి ఇంట్లోనూ పిల్లవాడికి ఇంతకన్నా మంచి సంగీత వాతావరణం దొరికేది కాదని అంటే అతిశయోక్తి అంటారేమో గాని, నేను అంటాను.

తండ్రి 1853లో అమెరికాకు వెళ్లాడు, ఏడాది తరువాత కుటుంబం అతని వెంట వెళ్లింది. పెన్సిల్వేనియాలోని డాన్‌విల్ కూడా ఇనుప పట్టణమే, రైలు పట్టాలు చేసే పట్టణమే. మెర్తర్ నుంచి వెళ్లిన వెల్ష్‌వాళ్లు అక్కడ తమ చాపెల్‌నూ తమ బృందగానాన్నీ మళ్లీ నిలబెట్టుకున్నారు. పారీ రోలింగ్ మిల్లులో చేరాడు. అసలు విషయం ఇక్కడ ఉంది. పదిహేడేళ్లు వచ్చేదాకా అతనికి స్వరలిపి చదవడం రాదు. అది అతనికి నేర్పినవాడు జాన్ ఏబెల్ జోన్స్, అదే మిల్లులో పనిచేసే తోటి కార్మికుడు. హార్మొనీ, అంటే ఒక స్వరం పాడుతుండగా మిగతా గొంతులు దాని కింద ఏ స్వరాలలో కదలాలో చెప్పే శాస్త్రం, నేర్పినవాడు జాన్ ప్రైస్, అతనూ ఆ మిల్లు పనివాడే. పగలంతా ఎర్రగా కాలిన ఇనుప కడ్డీలను రోలర్ల మధ్య తోసిన మనిషి రాత్రి మరో పనివాడికి హార్మొనీ పాఠం చెప్పాడు. ఈ ఇద్దరి పేర్లు సంగీత చరిత్ర పుస్తకాలలో పారీ జీవితం దగ్గర ఒక్క వాక్యంలో వచ్చి వెళ్లిపోతాయి. వాళ్లకు ఆ శాస్త్రం ఎవరు నేర్పారు, ఆ నేర్పినవాళ్లకు ఎవరు నేర్పారు అని అడుగుతూ పోతే, ఒక శిఖరానికి బదులు చాలా విశాలమైన మైదానం కనిపిస్తుంది.

అతనికి రెండో బడి ఐస్టెద్వొడ్. దీన్ని ఉత్సవం అంటే చాలదు. కవిత్వానికీ సంగీతానికీ వెల్ష్‌వాళ్లు నడుపుకునే పోటీసభ ఇది. రచన పంపేవాడు మారుపేరు పెట్టి పంపాలి. న్యాయనిర్ణేత వేదిక మీద నిలబడి, ఏ రచనలో ఏ భాగం బాగుందో, ఎక్కడ గొంతులు దారి తప్పాయో అందరి ముందూ విడమరచి చెప్పాలి. ఆ తరువాతే గెలిచిన మారుపేరు పిలుస్తారు, ఆ పేరు గల మనిషి జనంలోంచి లేచి నిలబడతాడు. లేచినవాడు పాదిరి కావచ్చు, కమ్మరి కావచ్చు. ఈ పద్ధతిలో నాకు నచ్చేది ఆ నిర్ణయ ప్రసంగం. ఓడిపోయినవాడికి అది ఉచిత పాఠం. తన రచనలో తప్పు ఎక్కడుందో నిపుణుడి నోట వినడానికి మరో మార్గం లేని పనివాడికి, అదే సంగీత కళాశాల. పారీ ముందు డాన్‌విల్‌లోని ఐస్టెద్వొడ్‌లో గెలిచాడు, ఆ తరువాత అట్లాంటిక్ దాటించి రచనలు పంపి 1863లో స్వాన్సీలోనూ 1864లో ల్యాండుడ్నోలోనూ బహుమతులు అందుకున్నాడు. 1865లో అబెరిస్ట్‌విత్ సభకు స్వయంగా బయలుదేరి వెళితే, ముందుగా పంపిన రచనలు దారిలోనే పోయాయని తెలిసింది. పోటీ దక్కలేదు గాని, ఆ సభ అతనికి "పెన్‌కెర్ద్ అమెరికా" అనే బిరుదు ఇచ్చింది. అమెరికా ప్రధాన సంగీతకారుడు అని దాని అర్థం. రోలింగ్ మిల్లు నుంచి వచ్చిన ఇరవై నాలుగేళ్ల యువకుడికి అది పెద్ద బిరుదే.

ఆ తరువాత చందా మొదలైంది. అతన్ని లండన్ పంపాలని అట్లాంటిక్‌కు రెండు వైపులా ఉన్న వెల్ష్‌వాళ్లు డబ్బు పోగు చేశారు. పారీ కూడా అమెరికాలోని వెల్ష్ పల్లెలూ పట్టణాలూ తిరిగి కచేరీలు చేసి ఆ నిధిని పెంచాడు. వారం జీతంలోంచి ఒక నాణెం తీసి, తాను ఎన్నడూ చూడని ఊళ్లో, తనకు ఎన్నడూ దక్కని చదువును మరొకడు చదవడానికి ఇచ్చిన మనుషులు వీళ్లు. 1868 నుంచి 1871 వరకు పారీ లండన్ రాయల్ అకాడమీ ఆఫ్ మ్యూజిక్‌లో స్టెర్న్‌డేల్ బెనెట్ దగ్గర రచనా శాస్త్రం, మాన్యుయెల్ గార్సియా దగ్గర గాత్రం చదివాడు. 1871లో కేంబ్రిడ్జి నుంచి సంగీత పట్టా, 1878లో డాక్టరేటు పొందాడు. అక్కడ సంగీతంలో డాక్టరేటు పొందిన మొదటి వెల్ష్ మనిషి అతనే. మధ్యలో, 1874లో, అబెరిస్ట్‌విత్‌లో కొత్తగా పెట్టిన కళాశాలకు మొదటి సంగీత ఆచార్యుడయ్యాడు. ఆ కళాశాల కూడా చందాల మీదే బతికింది. 1875లో ఒక ఆదివారాన్ని "విశ్వవిద్యాలయ ఆదివారం" అని పేరుపెట్టి, దేశమంతటా చాపెల్‌లలో దానికోసం చిల్లర పోగుచేశారు. అంటే పారీ జీతం కూడా కొంతవరకు ఆ పళ్లాలలో పడిన పెన్నీలలోంచి వచ్చిందే.

ఇక్కడ ఒక పాత వాదాన్ని ఎదుర్కోవాలి. పారీని లండన్ చదువు పాడుచేసిందని, పనివాడి గొంతులోని సహజమైన పాటను అకాడమీ నేర్పిన హంగులు మింగేశాయని కొందరు అంటారు. వినడానికి బాగుంటుంది, మనకూ అలవాటైన ఆలోచనే. పల్లె పాట స్వచ్ఛం, పట్నం చదువు కల్తీ అని మనమూ తరచు అనుకుంటాం. కాని తేదీలు దీనికి ఒప్పుకోవు. అతని పేరు నిలబెట్టిన "మవాన్వి" 1875లో అచ్చయింది. "అబెరిస్ట్‌విత్" అనే కీర్తన బాణీ 1879లో ఒక కీర్తనల పుస్తకంలో వెలువడింది. ఈ రెండూ అకాడమీ చదువు పూర్తయిన తరువాత, ఆచార్యుడిగా ఉన్న రోజుల్లో పుట్టినవే. మిల్లులో ఉండగా రాసి బహుమతులు గెలిచిన రచనలను నేడు పాడేవారు అరుదు. చదువు అతన్ని పాడుచేయలేదు. అతనికి నేర్పు ఇచ్చింది. చిక్కు ఎక్కడ వచ్చిందంటే, ఆ నేర్పును ఎవరి గొంతుల కోసం వాడాడన్న దగ్గర.

1878 మే 21న, సరిగ్గా తన ముప్పై ఏడో పుట్టినరోజున, పారీ అబెరిస్ట్‌విత్‌లోని టెంపరెన్స్ హాలులో "బ్లాడ్వెన్" అనే ఆపెరాను, అంటే పాటలతోనే సాగే నాటకాన్ని, ప్రదర్శించాడు. వెల్ష్ భాషలో మొదటి ఆపెరా అది. అది వందలసార్లు ప్రదర్శనలు చూసింది గనుక విఫలమైందని ఎవరూ అనలేరు. అయినా ఆ రచన తనకు లేని ఇంటి కోసం కట్టిన గుమ్మంలా ఉంటుంది. ఆపెరాకు రంగస్థలం కావాలి, శాశ్వత ఆర్కెస్ట్రా కావాలి, దాన్నే వృత్తిగా బతికే గాయకులు కావాలి. ఆనాటి వేల్స్‌లో ఈ మూడూ లేవు. నాటకశాల అంటేనే అనుమానంగా చూసే చాపెల్ జనం "బ్లాడ్వెన్"ను చాలాచోట్ల కచేరీ పద్ధతిలోనే విన్నారు. ఇటలీ బాణీలో సాగే ఆ దీర్ఘ రచనలోంచి హౌవెల్, బ్లాడ్వెన్‌ల యుగళగీతం విడిపోయి వచ్చి, ఊరి సభలలో ఒక టెనారూ (మగ పైగొంతు) ఒక సోప్రానో (ఆడ పైగొంతు) పాడుకునే పాటగా బతికింది. ఆ తరువాత అతను రాసిన ఆపెరాలు, "ఇమాన్యుయెల్", "సాల్ ఆఫ్ టార్సస్" వంటి ఆరటోరియోలు (నటన లేకుండా పాడే మతకథా రచనలు) ఇవాళ వినబడవు. తన గొప్పతనం వాటిలోనే ఉందని పారీ అనుకున్నాడు. ముగ్గురు కొడుకుల పేర్లలో హైడన్, మెండెల్‌సన్, స్టెర్న్‌డేల్ అని సంగీతకర్తల పేర్లు చేర్చుకున్న తండ్రి ఏ వంశంలో తన పేరు చూసుకోవాలని ఆశించాడో ఊహించడం కష్టం కాదు.

అతను ఆశించిన వంశం ఒకటి, అతన్ని దాచుకున్న వంశం మరొకటి. అతన్ని దాచుకున్నది టానిక్ సోల్-ఫా చదివే జనం. దీని గురించి కొంచెం విపులంగా చెప్పాలి, ఎందుకంటే పాశ్చాత్య సంగీతం గురించి మన భాషలో రాసేవారు దీన్ని దాదాపు తలవరు. నార్విచ్‌లో సారా గ్లవర్ అనే ఉపాధ్యాయిని పిల్లలకు పాట నేర్పడానికి కనిపెట్టిన పద్ధతిని, జాన్ కర్వెన్ అనే పాదిరి మెరుగుపరచి వ్యాప్తి చేశాడు. ఐదు గీతలూ, వాటి మీద నల్లని చుక్కలూ లేకుండా, దో రే మి అనే స్వరాలను వాటి మొదటి అక్షరాలతోనే, కాలాన్ని విరామచిహ్నాలతోనే రాస్తారు. శ్రుతి ఏదైనా ఆధార స్వరం "దో"నే. మన దగ్గర సరళీ వరుసలు నేర్చుకున్న పిల్లలకు ఇది విడ్డూరంగా అనిపించదు. శ్రుతి మారినా మన "స" మనతోనే జరుగుతుంది, మన స్వరాలనూ తెలుగు అక్షరాలలోనే రాసుకుంటాం. ఈ పద్ధతిలో పెద్ద సౌకర్యం డబ్బుకు సంబంధించింది. సంగీతపు గీతలు అచ్చువేయడానికి ప్రత్యేకమైన అచ్చులు కావాలి, సోల్-ఫాకు మామూలు అక్షరాల అచ్చు చాలు. ఊళ్లో పత్రికో కరపత్రమో వేసే ముద్రాపకుడే నాలుగు గొంతుల పాటను చవకగా వేసి ఇవ్వగలడు. 1860ల నుంచి ఇది వేల్స్ చాపెల్‌లలో అడవి మంటలా పాకింది. ఆదివారం బడిలో పిల్లలు బైబిలుతో పాటు సోల్-ఫా నేర్చుకున్నారు. పియానో కొనలేని ఇళ్లలో పుట్టినవారు, నాలుగు భాగాల రచనను కాగితం చూసి నేరుగా పాడగలిగే ఒక తరం తయారైంది.

ఆ తరం ఏం చేయగలదో 1872లో తెలిసింది. అబర్‌డేర్ ప్రాంతానికి చెందిన గ్రిఫిత్ రీస్ జోన్స్ అనే కమ్మరి, జనం కరాడోగ్ అని పిలిచేవారు, దాదాపు 450 మంది గనిపనివాళ్లనూ ఇనుప పనివాళ్లనూ వారి ఇళ్ల ఆడవాళ్లనూ కూడగట్టి లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో పోటీకి తీసుకువెళ్లాడు. మొదటి ఏడాది ఎదురుగా పోటీకి ఎవరూ రాలేదు, బహుమతి ఇచ్చారు. 1873లో లండన్ బృందం ఒకటి పోటీకి దిగింది, దాన్ని కూడా ఓడించి వచ్చారు. అబర్‌డేర్ చౌకులో కరాడోగ్ విగ్రహం ఇప్పటికీ కర్ర ఎత్తి నిలబడి ఉంటుంది. పారీ ఆచార్య పదవిలో చేరే నాటికి అతనికి ఎదురుగా ఉన్నది ఈ గాయకులే. "మవాన్వి" వాళ్ల కొలతకు కుట్టిన చొక్కా.

ఆ పాట నిర్మాణం చూస్తే అది అర్థమవుతుంది. మాటలు మనద్దోగ్ అనే మారుపేరుతో రాసిన రిచర్డ్ డేవిస్‌వి. "బ్లాడ్వెన్"కు మాటలు ఇచ్చినవాడూ అతనే. మూడు చరణాలు. నీ నల్లని కళ్లలో ఇంత కోపం ఎందుకని మొదలై, చేయి అందివ్వు, వీడ్కోలు అనే ఒక్క మాట చెప్పడానికే అని ముగుస్తుంది. పారీ ఇందులో ఏ గొంతునూ దాని అందుబాటు దాటి గుంజలేదు. పైవరుస టెనార్లకు పాట ఇచ్చాడు గాని, కింది బేస్‌లకు పనిలేకుండా చేయలేదు; పగలంతా గనిలో దుమ్ము పీల్చి వచ్చిన గొంతు కూడా సాయంత్రం మెల్లగా పాడగలిగేటట్టు, ఊపిరి తీసుకోవడానికి చోట్లు ఇచ్చి రాశాడు. ఇది తేలిక పని కాదు. ఎవరు పాడతారో, వారి ఊపిరి ఎంతో తెలిసినవాడు మాత్రమే ఇలా రాయగలడు, ఆ తెలివిడి అకాడమీలో దొరకదు. (ఈ పాట పారీ చిన్ననాటి ప్రియురాలి కోసం రాసిందని ఒక కథ ప్రచారంలో ఉంది. పదమూడేళ్లకే ఊరు విడిచిన పిల్లవాడూ, మాటలు రాసింది మరొకడూ అయినప్పుడు, ఆ కథను నేను నమ్మలేను. కాని ఆ కథ లేకుండా ఈ పాటను పరిచయం చేసినవారిని కూడా నేను చూడలేదు.)

"అబెరిస్ట్‌విత్" బాణీ మరీ చిన్నది. విషాదపు మైనర్ శ్రుతిలో, అడుగడుగునా ఆచితూచి కదులుతూ, పక్కనున్న స్వరం దాటి దూకకుండా చాలాసేపు నడిచి, తరువాతే పైకి ఎక్కుతుంది. చార్లెస్ వెస్లీ రాసిన తుఫానులో ఆశ్రయం కోరే ప్రార్థనాగీతానికి ఇప్పుడు ఈ బాణీనే ఎక్కువగా జోడిస్తారు. సంగీత శిక్షణ బొత్తిగా లేని సంఘం కూడా దీన్ని రెండు సార్లు వింటే పాడుతుంది. దక్షిణాఫ్రికాలో ఈనోక్ సొంటోంగా అనే మిషన్ బడి ఉపాధ్యాయుడు 1897లో కట్టిన "న్కోసి సికెలెల్ ఇయాఫ్రికా" అనే ప్రార్థనాగీతంలో దీని పోలిక ఉందని చెప్పేవారు ఉన్నారు. ఆ పోలికను తేల్చడం నా పని కాదు గాని, సోల్-ఫా లిపి మిషన్ బడుల ద్వారా ఆఫ్రికాకూ చేరిందన్నది మాత్రం నిజం.

నా వాదానికి ఒక గట్టి ఆక్షేపణ ఉంది, దాన్ని దాచను. చాపెల్‌లూ ఐస్టెద్వొడ్‌లూ సోల్-ఫా కాగితాలూ వేలమందికి అందాయి గదా, పారీ ఒక్కడే ఎందుకు వచ్చాడు? జాన్ ఏబెల్ జోన్స్ "మవాన్వి" ఎందుకు రాయలేదు? ఒప్పుకుంటాను, ప్రతిభ అనేది ఉంది, అది అందరికీ సమానంగా పంచబడదు. పారీకి ఉన్న పట్టుదల కూడా మామూలుది కాదు. అయితే ప్రతిభ ఉన్నవాడు ఒక్కడే ఎందుకు కనిపించాడన్న ప్రశ్నకు ప్రతిభ ఒక్కటే జవాబు కాదు. ఒక చందాతో ఒకరినే లండన్ పంపగలరు. పంపిన ఆ ఒక్కరు మగవాడే అవుతాడు. కరాడోగ్ బృందంలో సోప్రానోలుగా, ఆల్టోలుగా నిలబడిన ఆడవాళ్లలో ఎవరికీ అలాంటి చందా లేవలేదు. 1861లో పారీని పెళ్లాడి, పిల్లలతో లండన్, డాన్‌విల్, అబెరిస్ట్‌విత్, స్వాన్సీ, పెనార్త్‌ల మధ్య ఇల్లు మార్చుకుంటూ పోయిన జేన్ కూడా డాన్‌విల్‌లోని సంగీతం తెలిసిన కుటుంబపు పిల్లే.

పారీని పూర్తిగా వెనకేసుకు రావడం కూడా నా ఉద్దేశం కాదు. అతను అతిగా రాశాడు, తొందరగా రాశాడు, రాసినదాన్ని మళ్లీ చూసుకోలేదు. కీర్తన బాణీలే 400 దాకా ఉన్నాయి. వాటిలో చాలా వాటిని విడదీసి గుర్తుపట్టడం కష్టం. అబెరిస్ట్‌విత్‌లో కళాశాల పని కన్నా బయటి కచేరీలకూ పోటీల తీర్పులకూ ఎక్కువ తిరుగుతున్నాడని పెద్దలు నొచ్చుకున్నారు, కళాశాలకు డబ్బు ఇబ్బంది కూడా ఉంది, 1880లో ఆ ఉద్యోగం ముగిసింది. తరువాత స్వాన్సీలో సొంత సంగీత పాఠశాల, ఎబెనీజర్ చాపెల్‌లో ఆర్గన్. 1888 నుంచి కార్డిఫ్ కళాశాలలో ఉపన్యాసకుడు. ఇద్దరు కొడుకులు, స్టెర్న్‌డేల్, హైడన్, యౌవనంలోనే పోయారు. 1896లో ల్యాండుడ్నో ఐస్టెద్వొడ్‌లో జనం అతనికి 600 పౌండ్ల సన్మాన నిధి ఇచ్చారు. మొదట చదువుకు చందా, చివర్లో గౌరవానికి చందా. 1903 ఫిబ్రవరి 17న పెనార్త్‌లో చనిపోయాడు, అక్కడి సెయింట్ అగస్టిన్ చర్చి ఆవరణలో సమాధి ఉంది.

కచేరీ తరువాత ఒక నెలకు మెర్తర్ వెళ్లాను. చాపెల్ రోలో నాలుగో నంబరు ఇంటిని ఇప్పుడు పారీ ఇల్లు అని మ్యూజియంగా ఉంచారు. తలుపు దగ్గర తల వంచి లోపలికి వెళ్లాలి. గది చిన్నది, కిందిది వంటకూ కూర్చోవడానికీ, పైది పడుకోవడానికీ. గోడకు అవతల పక్కింటి మనిషి దగ్గితే ఇవతల వినపడేటంత దగ్గరగా ఉన్నాయి ఇళ్లు. పక్కిళ్లలో ఎవరెవరు ఉండేవారో, వారిలో ఆల్టో ఎవరు, బేస్ ఎవరో రాసిన పలక ఒక్కటీ కనిపించలేదు. అక్కడ పనిచేసే ఆవిడను అడిగితే, ఆమె కాసేపు ఆలోచించి, మా తాతగారు ఇక్కడికి రెండు వీధుల అవతల ఉండేవారు, రెండో టెనార్ పాడేవారు అని చెప్పారు.